ఆరోగ్యశ్రీ: పరిమితి పెరిగింది సరే, ప్యాకేజీ మాటేమిటి?

పేద కుటుంబం వైద్యానికి ప్రభుత్వం ఏడాదికి ఎంత భరిస్తుందని అడిగితే ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలంటారు, తెలంగాణలో 10 లక్షలంటారు. రెండూ నిజమే. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. అదే నెల 18న ఆంధ్రప్రదేశ్ తన పరిమితిని 25 లక్షలు చేసింది. అక్కడ ఆ తర్వాత ప్రభుత్వం మారింది, పథకం పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, అంకె మాత్రం అలాగే ఉంది.

ఆసుపత్రిలో చేరిన రోగుల్లో ఈ పరిమితి దాకా వెళ్లేవాళ్లు బహు కొద్దిమంది. అవయవ మార్పిడి, ఎముక మజ్జ మార్పిడి, ఏళ్ల తరబడి సాగే కొన్ని క్యాన్సర్ చికిత్సల్లో తప్ప ఆ అంకెతో పని పడదు. మిగతా అందరికీ ముందు తేలాల్సిన సంగతులు వేరే ఉన్నాయి. కార్డులో పేరుందా? ఆ జబ్బుకు జాబితాలో ప్యాకేజీ, అంటే చికిత్స మొత్తానికి కలిపి ముందే ఖాయం చేసిన ధర, ఉందా? ఆ ఆసుపత్రికి ఆ విభాగంలో అనుమతి ఉందా? ప్యాకేజీ ధర ఆసుపత్రికి గిట్టుతుందా? గిట్టినా ఆ డబ్బు ఎప్పుడొస్తుంది? పత్రికల పతాక శీర్షికల్లో పరిమితి కనిపిస్తుంది. మంచం దొరకడం, దొరక్కపోవడం మాత్రం ఈ అయిదు ప్రశ్నల మీదే ఆధారపడి ఉంటుంది.

ధర ఒకటే, అందులో అన్నీ

పథకం 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 జులై నాటికి రాష్ట్రమంతా విస్తరించింది. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అది చాలకపోతే బఫర్ కింద మరో 50 వేలు. పెద్ద జబ్బులకు, అదీ ఎక్కువగా ఆపరేషన్లకు ఉద్దేశించిన పథకం కాబట్టి ప్రతి చికిత్సకూ ఒక కోడ్, ప్రతి కోడ్‌కూ ఒక ధర పెట్టారు. రెండు రాష్ట్రాల్లోనూ నేటికీ అదే పద్ధతి.

ఆ ధరలో ఏమేమి కలిసి ఉన్నాయో రోగి బంధువులకు తెలిసి ఉంటే సగం గొడవలు రావు. పరీక్షలు, సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ ఖర్చు, మందులు, లోపల అమర్చే స్టెంట్ లేదా రాడ్, వార్డు, రోగికి భోజనం, ఇంటికి వెళ్లేటప్పుడు దారి ఖర్చు, డిశ్చార్జి అయ్యాక 10 రోజుల మందులు, ఇవన్నీ ప్యాకేజీలోవే. చేసిన చికిత్స వల్ల 30 రోజుల్లోపు ఏదైనా కాంప్లికేషన్ వస్తే దాన్ని కూడా అదే ఆసుపత్రి చూడాలి. డిశ్చార్జి రోజున చేతిలో చీటీ పెట్టి మందులు బయట కొనుక్కోమంటే ఆ 10 రోజుల మందుల డబ్బు ఆసుపత్రికే మిగిలిపోయినట్టు. చిన్న మొత్తమే అనిపిస్తుంది గానీ గుండె జబ్బు, మూర్ఛ మందులకు అది వందల్లో ఆగదు.

ధర ముందే ఖాయమైపోతే ఆసుపత్రికి మిగిలేది ఖర్చు తగ్గించుకున్నప్పుడే. పెద్ద ఆసుపత్రికి రోజుకు పది కేసులుంటే ఒకదాంట్లో పోయింది మరొకదాంట్లో వస్తుంది. యాభై పడకల జిల్లా స్థాయి ఆసుపత్రికి ఆ వెసులుబాటు తక్కువ. అందుకే ప్యాకేజీ ధర ఏళ్ల తరబడి కదలకపోతే ఆసుపత్రులు నేరుగా కాదనవు. ఐసీయూలో మంచం లేదంటాయి, సర్జన్ ఊళ్లో లేరంటాయి. తెలంగాణలో 2024 జులైలో 163 కొత్త చికిత్సలు చేర్చి మొత్తాన్ని 1,835కు పెంచడం వార్తల్లో బాగా వచ్చింది. దానికన్నా ముఖ్యమైనది, అదే సమయంలో 1,375 ప్యాకేజీల ధరలు పెంచడం. చాలా ఏళ్ల తర్వాత జరిగిన ఆ సవరణకు రావాల్సినంత పేరు రాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో జాబితా వేరే దారిన పెరిగింది. బిల్లు వెయ్యి రూపాయలు దాటే చికిత్సలన్నీ పథకంలోకి తేవాలని 2020 జనవరిలో పశ్చిమ గోదావరి జిల్లాలో 2,059 జబ్బులతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. 2022 నాటికి ఆ సంఖ్య 3,257 అయింది. రెండు రాష్ట్రాల అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరు గొప్పో తేల్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒకే జబ్బును తీవ్రతను బట్టి నాలుగు కోడ్‌లుగా విడదీసినా సంఖ్య పెరుగుతుంది. చూడాల్సింది ఒక్కటే: డాక్టరు చెప్పిన చికిత్సకు కోడ్ ఉందా, లేదా. ఆ మాట ఆసుపత్రిలో పథకం డెస్కు దగ్గరుండే ఆరోగ్యమిత్రను అడిగితే కంప్యూటర్‌లో చూసి చెప్పగలరు. 'ఆరోగ్యశ్రీలో రాదు' అని ఆసుపత్రి కౌంటర్‌లో ఎవరో అంటే అక్కడితో ఆగిపోకూడదు. ఏ చికిత్స రాదో పేరు రాయించుకుని పథకం హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేసి అడగాలి. కోడ్ లేకపోవడం వేరు, ఆ ఆసుపత్రికి ఆ విభాగంలో అనుమతి లేకపోవడం వేరు. రెండో సందర్భంలో పక్క వీధిలోని ఆసుపత్రిలోనే ఉచితంగా జరిగిపోవచ్చు.

కార్డు దగ్గరే ఆగిపోయే కేసులు

తెలంగాణలో అర్హతకు ప్రధాన ఆధారం ఆహార భద్రత కార్డు. గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు ఆదాయం, మాగాణి అయితే మూడున్నర ఎకరాలు, మెట్ట అయితే ఏడున్నర ఎకరాల లోపు భూమి ఉండాలి. కొత్త కార్డులు చాలా ఏళ్లపాటు ఆగిపోయి, 2025 జనవరి 26 నుంచి మళ్లీ ఇవ్వడం మొదలైంది. అలా ఆగిపోయిన ఏళ్లలో పెళ్లిళ్లయిన వాళ్లు, పుట్టిన పిల్లలు లక్షల కుటుంబాల్లో ఏ కార్డులోనూ లేకుండా ఉండిపోయారు. రేషన్ బియ్యం రాకపోతే ఎలాగో సర్దుకుంటారు. పిల్లవాడికి గుండెలో రంధ్రం ఉందని తెలిసిన రోజున మాత్రం అదే లోపం కొండంత అవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో చాలామంది పొరబడేది మరోచోట. బియ్యం కార్డుకు నిబంధనలు గట్టివి: నెలకు గ్రామాల్లో 10 వేలు, పట్టణాల్లో 12 వేల ఆదాయ పరిమితి, మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు. ఆరోగ్య కార్డుకు మాత్రం 2019లో వేరే గీత గీశారు. ఏడాదికి 5 లక్షల వరకు ఆదాయం, 12 ఎకరాల మాగాణి లేదా 35 ఎకరాల మెట్ట వరకు ఉన్నా అర్హతే. బియ్యం కార్డు రద్దయిందని వైద్యం కూడా పోయిందనుకుని అప్పు చేసి బిల్లు కట్టిన కుటుంబాలు ఎన్నో ఉంటాయి. బియ్యం కార్డు లేకున్నా ఆరోగ్య కార్డు కోసం గ్రామ, వార్డు సచివాలయంలో విడిగా దరఖాస్తు చేసుకోవచ్చు.

రెండు రాష్ట్రాల్లోనూ డెస్కు దగ్గర ఎక్కువగా తగిలే చిక్కులు ఇవి. ఆధార్‌లో 'వెంకట రమణమ్మ', రేషన్ కార్డులో 'రమణమ్మ' అని ఉంటుంది. పుట్టిన సంవత్సరంలో పదేళ్ల తేడా ఉంటుంది. పొలం పనులు, ఇటుక బట్టీల పనులు చేసిన వృద్ధుల వేలిముద్రలు అరిగిపోయి బయోమెట్రిక్ పడదు. ఓటీపీతో పని కానిద్దామంటే ఆధార్‌కు లింకయిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయిన సిమ్‌ది. కొత్త కోడలి పేరు పుట్టింటి కార్డులో తొలగించనిదే అత్తింటి కార్డులో ఎక్కదు. ఆ తొలగింపుకే వారాలు పడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు ఒక పూటలో సరిచేయగలిగింది కాదు. మీసేవలోనో, సచివాలయంలోనో, ఆధార్ కేంద్రంలోనో ఖాళీగా ఉన్న రోజున చేయించుకోవాల్సిన పని. ఇంట్లో డయాలసిస్ రోగి, గుండె జబ్బు మనిషి, గర్భిణి ఉంటే మరీ ముందుగా. అప్పుడే పుట్టిన బిడ్డ విషయంలో మాత్రం సాధారణంగా తల్లి లేదా తండ్రి కార్డు మీదే చేర్చుకుంటారు కాబట్టి, బిడ్డ పేరు ఎక్కలేదని పసికందుల ఐసీయూకు (ఎన్‌ఐసీయూ) తీసుకెళ్లడం ఆపకూడదు.

ప్రీ ఆథ్‌లో ఏం చూస్తారు

పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రిలో, అంటే నెట్‌వర్క్ ఆసుపత్రిలో, ప్రవేశ ద్వారం దగ్గరే ఆరోగ్యమిత్ర డెస్కు ఉండాలి. అక్కడ కార్డు చూపి నమోదు చేయించుకున్నాక డాక్టరు పరీక్షించి, చికిత్స కావాలని నిర్ణయిస్తే, ఆసుపత్రి తరఫున ఈ పనులు చూసే డాక్టరు కాగితాలను ఆన్‌లైన్‌లో పెడతారు. ఆసుపత్రుల భాషలో ఆ డాక్టర్ని మెడ్కో అంటారు. అవతల పథకం తరఫు డాక్టర్లు చూసి అనుమతి ఇస్తారు, లేదా కొర్రీ వేస్తారు. ఈ అనుమతినే ప్రీ ఆథరైజేషన్, వాడుకలో ప్రీ ఆథ్ అంటారు.

గుండెకు స్టెంట్ వేసే కేసునే తీసుకుందాం. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి ఈసీజీ, ఎకో, రక్త పరీక్షలు చేస్తారు. యాంజియోగ్రామ్‌లో ఏ రక్తనాళంలో ఎక్కడ ఎంత శాతం పూడిక ఉందో రాసిన రిపోర్టుతో పాటు ఆ బొమ్మలు కూడా పెట్టాలి. మంచం మీద రోగి ఫొటో ఉండాలి. అనుమతించే డాక్టరు రిపోర్టులోని అంకెను నమ్మి ఊరుకోరు, బొమ్మ చూస్తారు. 50 శాతం పూడికను 80 అని రాసి స్టెంట్ వేసే అలవాటుకు అడ్డుకట్ట వేసేది ఈ ఒక్క దశే. ఆపరేషన్ తర్వాత స్టెంట్ వేసిన నాళం బొమ్మలు, స్టెంట్ డబ్బా మీదుండే బ్యాచ్ నంబరు స్టిక్కరు కేస్ షీట్‌లో అతికించి, ప్యాకేజీ సొమ్ము కోసం ఆసుపత్రి పెట్టే బిల్లుతో, అంటే క్లెయిమ్‌తో పంపాలి. ఆ స్టిక్కరు చిరిగిపోయిందనో, మరో రోగి కేస్ షీట్‌లోకి వెళ్లిపోయిందనో క్లెయిమ్‌లో కోత పడుతుంది. అంగుళం కాగితం ముక్క విలువ థియేటర్ సిబ్బందికి తెలియాలి.

రోగి వైపు నుంచి చూస్తే ఇదే స్టెంట్ దగ్గర డబ్బు అడగడం ఎక్కువ. 'పథకంలో వచ్చేది మామూలుది, మంచిది వేయాలంటే 30 వేలు కట్టండి' అంటారు. ప్యాకేజీలో స్టెంట్ ధర కలిసే ఉంది. పైగా 2017 ఫిబ్రవరి నుంచి కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది కాబట్టి 'మంచిది' పేరుతో ఎంతైనా వసూలు చేసే రోజులు పోయాయి. అనుమతి వచ్చాక రోగి దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. అనుమతి రాకముందు పరీక్షలకంటూ కట్టించుకున్నదాన్ని అనుమతి వచ్చాక తిరిగి ఇవ్వాలి. ఇది నోటిమాటతో జరిగే పని కాదు. కట్టిన ప్రతి పైసాకూ రసీదు తీసుకోవాలి. రసీదు ఇవ్వకపోతే కట్టిన తేదీ, మొత్తం, కౌంటర్ పేరు రాసి ఆరోగ్యమిత్రకు ఫిర్యాదు ఇచ్చి, 104కు చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. డిశ్చార్జికి ముందు చేసే ఫిర్యాదుకు ఉండే బలం ఇంటికెళ్లాక చేసేదానికి ఉండదు.

ప్రమాదం, గుండెపోటు, పక్షవాతం లాంటి అత్యవసరాల్లో ఆన్‌లైన్ అనుమతి కోసం ఆగక్కర్లేదు. ఆసుపత్రి ఫోన్‌లో అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టి, కాగితాలు తర్వాత పెట్టొచ్చు. ఆ హడావుడిలో బంధువులు చేసే పెద్ద పొరపాటు, కార్డు ఊళ్లో ఉందని డబ్బు కట్టి చేర్చి, డిశ్చార్జి అయ్యాక కార్డు తెచ్చి చూపడం. డబ్బు కట్టి ఇంటికి వెళ్లిపోయిన కేసును తర్వాత పథకంలోకి మార్చరు, ఆ సొమ్ము తిరిగి ఇవ్వరు. కార్డు చేతిలో లేకున్నా ఆధార్ నంబరు, రేషన్ కార్డు నంబరు ఫోన్‌లో చెప్పించుకుని మొదటి రోజే డెస్కులో నమోదు చేయించడం ఒక్కటే మార్గం.

సర్కారు ఆసుపత్రిలోనూ కార్డు చూపాలి

గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి చోట్ల ఎలాగూ ఉచితమే కదా అని చాలామంది కార్డు బయటికి తీయరు. ఆ కేసును పథకంలో నమోదు చేస్తే ఆసుపత్రి ఖాతాలోకి ప్యాకేజీ సొమ్ము వస్తుంది. అందులో ఒక వాటా చికిత్స చేసిన బృందానికి ప్రోత్సాహకంగా వెళ్తుంది, మిగతాది ఇంప్లాంట్లు, మందులు, పరికరాలకు ఉపయోగపడుతుంది. స్టోర్‌లో రాడ్ లేదని వారాల తరబడి మంచం మీద ఎదురు చూసే తొడ ఎముక రోగికి ఈ డబ్బుతోనే రాడ్ కొనగలుగుతారు. నమోదు చేయకపోతే ఆ బరువంతా మామూలు బడ్జెట్ మీద పడుతుంది.

కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయడానికి కూడా గట్టి కారణం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో పథకం వచ్చిన తొలి ఏళ్లలో ముప్పై ఏళ్లయినా నిండని ఆడవాళ్లకు సైతం అవసరం లేకుండా గర్భసంచి తీసేస్తున్నారన్న ఆరోపణలు పెద్ద ఎత్తున వచ్చాయి. ఆ తర్వాత ఆ ఆపరేషన్‌ను ప్రైవేటు జాబితా నుంచి తప్పించారు. ఒక ప్యాకేజీ ధర లాభసాటిగా ఉండి, చేయడం తేలికై, అవసరాన్ని రుజువు చేసే గట్టి పరీక్ష లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా చేదు ఉదాహరణ లేదు. జాబితాలో కొత్త చికిత్సలు చేర్చినప్పుడల్లా ఈ మూడూ ఒక్కచోట కలుస్తున్నాయేమో చూడాల్సిందే.

బకాయిలు ఎక్కడ పేరుకుంటాయి

2025 సెప్టెంబరు మధ్యలో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపేశాయి. అంతకుముందూ ఇలా ఆపిన సందర్భాలున్నాయి. చర్చలు జరుగుతాయి, కొంత సొమ్ము విడుదలవుతుంది, సేవలు మళ్లీ మొదలవుతాయి, కొన్ని నెలలకు పరిస్థితి మళ్లీ మొదటికొస్తుంది.

జాప్యం రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది క్లెయిమ్ పరిశీలన దగ్గర. ఇక్కడ ఆసుపత్రుల తప్పు కూడా ఉంటుంది. నర్సు రాసిన సమయం ఒకటి, మత్తు డాక్టరు నోట్స్‌లోని సమయం మరొకటి. అంగీకార పత్రంలో రోగి సంతకం ఉండదు. గడ్డ తీశామని రాస్తారు, బయాప్సీ రిపోర్టు జత చేయరు. ఆపరేషన్ చేసిన సర్జన్ పేరు ఆసుపత్రి నమోదు చేసిన డాక్టర్ల జాబితాలో కనిపించదు. వెంటిలేటర్ మీద ఆరు రోజులు ఉంచామంటారు, చార్టులో నాలుగు రోజుల వివరాలే ఉంటాయి. ప్రతి కొర్రీకీ జవాబు పెట్టి, మళ్లీ వరుసలో నిలబడే సరికి వారాలు గడిచిపోతాయి. కేసు నడుస్తున్నప్పుడే ప్రతి సాయంత్రం కేస్ షీట్ సరిచూసే మనిషి ఉన్న ఆసుపత్రికి కొర్రీలు తక్కువ పడతాయి. డిశ్చార్జి తర్వాత కూర్చుని కాగితాలు పూర్తి చేసే చోట ఎక్కువ పడతాయి. చిన్న ఆసుపత్రి యజమానులు మెడ్కో జీతాన్ని దండగ ఖర్చుగా చూస్తారు గానీ, కోతల్లో పోయేదానితో పోలిస్తే అది ఎంతో కాదు.

రెండో జాప్యంలో మాత్రం ఆసుపత్రి ప్రమేయం లేదు. పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు క్లెయిమ్‌ను ఆమోదించడం ఒకటి, ఆర్థిక శాఖ ఆ సొమ్ము విడుదల చేయడం మరొకటి. ఆమోదం పొందిన బిల్లు ఖజానా దగ్గర నెలల తరబడి ఆగిపోతుంది. పరిమితి పెంచినప్పుడు, జాబితా పెంచినప్పుడు బడ్జెట్ కేటాయింపు అదే నిష్పత్తిలో పెరగకపోతే తేడా అంతా ఇక్కడే బకాయిగా తేలుతుంది. అంటే పెంచిన హామీకి పెట్టుబడి పెడుతున్నది మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర, బ్యాంకు దగ్గర అప్పు చేసిన ఆసుపత్రి. కొన్నాళ్లకు ఆ భారం వెనక్కి తిరిగి రోగి మీదే పడుతుంది. ఎక్కువ ఖర్చయ్యే కేసుల్ని తప్పించుకోవడం, అనుమతి వచ్చేదాకా మంచం ఇవ్వకపోవడం, ముందస్తు డిపాజిట్ అడగడం అలా మొదలైనవే. రోగి దగ్గర డబ్బు తీసుకునే ఆసుపత్రిని వెనకేసుకు రానక్కర్లేదు. అయితే ఆమోదించిన బిల్లును నిర్ణీత గడువులో చెల్లించని ప్రభుత్వానికి ఆ ఆసుపత్రిని దండించే నైతిక బలం తగ్గిపోతుంది.

ఆంధ్రప్రదేశ్ హైబ్రిడ్ విధానం

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదించిన ఆరోగ్య విధానం ఈ చిక్కుకు ఇన్సూరెన్స్‌లో పరిష్కారం వెతికింది. కుటుంబానికి 2.5 లక్షల వరకు ఇన్సూరెన్స్ కంపెనీ భరిస్తుంది. పేద కుటుంబాలకు ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు చూస్తుంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా 1.63 కోట్ల కుటుంబాలకు వర్తింపజేస్తామని, ప్రీ ఆథ్ 6 గంటల్లో, క్లెయిమ్ చెల్లింపు 15 రోజుల్లో పూర్తవుతుందని చెప్పారు.

ప్రీమియం ముందే కంపెనీకి వెళ్తుంది కాబట్టి ఖజానా దగ్గర ఆగిపోయే సమస్య చాలావరకు తీరొచ్చు. దానికి బదులు మరొకటి వస్తుంది. ట్రస్టు డబ్బుకు కటకటలాడితే చెల్లింపు ఆలస్యం చేస్తుంది. కంపెనీకి నష్టం వస్తే కొర్రీలు పెంచుతుంది, క్లెయిమ్‌లు తిరస్కరిస్తుంది. ఆలస్యమైన డబ్బు ఎప్పటికో వస్తుంది, తిరస్కరించింది రాదు. అందుకని ఒప్పందంలో ప్రీమియం ధర కన్నా తిరస్కరణ మీద అప్పీలు ఎవరు వింటారు, ఎన్ని రోజుల్లో, గడువు దాటితే కంపెనీకి జరిమానా ఎంత అన్నవే కీలకం. ఉమ్మడి రాష్ట్రంలో పథకం స్టార్ హెల్త్ కంపెనీతో మొదలై, క్రమంగా ట్రస్టు చేతికి వచ్చిన చరిత్ర ఉంది కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం.

2.5 లక్షల గీత దగ్గర మరో ఇబ్బంది ఉంది. రొమ్ము క్యాన్సర్ రోగికి ఒకే ఏడాదిలో ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ పడితే ఆ గీత చికిత్స మధ్యలోనే దాటొచ్చు. అప్పటిదాకా కంపెనీ డాక్టరు అనుమతించిన కేసును అక్కడి నుంచి ట్రస్టు డాక్టరు చూడాలి. ఒకరు ఒప్పుకున్న చికిత్స క్రమాన్ని మరొకరు ప్రశ్నిస్తే కీమో సైకిల్ తప్పుతుంది. ఆసుపత్రులు ఇలాంటి రోగులకు కుటుంబం ఖాతాలో మిగిలిన మొత్తాన్ని ప్రతి సైకిల్ ముందూ చూసుకోవాలి. గీత దగ్గర పడుతున్నప్పుడే పాత అనుమతులన్నీ జతచేసి తర్వాతి అనుమతికి పంపాలి.

పక్క దారులు

ఆంధ్రప్రదేశ్ కార్డు ఉన్నవాళ్లకు 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలోని కొన్ని ఆసుపత్రుల్లో సూపర్ స్పెషాలిటీ చికిత్సలకు పథకం వర్తిస్తోంది. హైదరాబాద్‌లో పనులు చేసుకునే ఉత్తరాంధ్ర, రాయలసీమ కుటుంబాలు తెలంగాణ జాబితాలోని ఆసుపత్రికి వెళ్లి అక్కడి డెస్కులో ఏపీ కార్డు చూపిస్తే పని జరగదు. ఏపీ నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి.

70 ఏళ్లు నిండినవాళ్లకు కేంద్రం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు ప్రారంభించింది. ఆదాయంతో సంబంధం లేదు, ఆధార్‌లో ఉన్న వయసే ఆధారం. ఇప్పటికే కేంద్ర ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్‌లో ఉన్న కుటుంబంలోని పెద్దలకు ఏడాదికి అదనంగా 5 లక్షలు. ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే అది ఇద్దరికీ కలిపి. కార్డు చేతికి వచ్చినా, చేరబోయే ఆసుపత్రి దాన్ని తీసుకుంటోందో లేదో ముందే కనుక్కోవాలి.

చికిత్సతో పని అయిపోని జబ్బులకు పింఛన్ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి డయాలసిస్, అవయవ మార్పిడి రోగులకు నెలకు 10 వేలు, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 15 వేలు ఇస్తున్నారు. తెలంగాణలో డయాలసిస్ రోగులకు ఆసరా పింఛన్ కింద నెలకు 2,016 రూపాయలు వస్తాయి. డయాలసిస్ ఎప్పటి నుంచి, వారానికి ఎన్నిసార్లు అన్నది ఆసుపత్రి కాగితంలో స్పష్టంగా ఉంటే దరఖాస్తు తేలిగ్గా నడుస్తుంది. వైకల్యం కింద అయితే, వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం ధ్రువపత్రంలో కనీసం 40 శాతం ఉండాలి.

కోడ్ లేని చికిత్సకు, కార్డు లేని కుటుంబానికి మిగిలేది ముఖ్యమంత్రి సహాయ నిధి. దీనికి రెండు దారులున్నాయి. హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట చికిత్సకు ముందే ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా పత్రంతో ఎల్‌ఓసీకి, అంటే ఖర్చు నిధి భరిస్తుందని ఇచ్చే హామీ పత్రానికి, దరఖాస్తు చేయడం మొదటిది. డబ్బు కట్టేశాక ఎమ్మెల్యే లేదా ఎంపీ సిఫారసు లేఖతో తిరిగి అడగడం రెండోది. రెండో దారిలో ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, రోగి బ్యాంకు పాస్‌బుక్ కావాలి. తెలంగాణలో 2024 నుంచి ఈ దరఖాస్తులను ఆన్‌లైన్‌లో తీసుకుంటున్నారు. బిల్లుల మీద రోగి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండేలా చేరిన రోజే చూసుకోవాలి. ఫార్మసీ బిల్లులు సహా ప్రతిదాని మీదా ఆసుపత్రి ముద్ర వేయించాలి. ఒరిజినల్స్ ఇచ్చేముందు రెండు సెట్లు జిరాక్స్ తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత ఫాలో అప్‌కు వెళ్లినప్పుడు డాక్టరు అడిగేది కూడా అదే డిశ్చార్జి సమ్మరీ.